అక్షరబోధనకు తోడు: హైదరాబాదు పరిసరాల్లో ఉపాధ్యాయ శిక్షణ చరిత్ర - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగునాట విద్యాచరిత్రను రాసినవారు ఎక్కువగా బడుల సంఖ్యను, బోధనా మాధ్యమాన్ని, పాఠ్యపుస్తకాన్ని ఆధారంగా చేసుకున్నారు. బడిలో నిలబడి అక్షరం నేర్పే వ్యక్తి ఆ పని ఎలా నేర్చుకున్నాడు, ఆ పనిలో అతనికి తోడుగా ఏమున్నది అన్న ప్రశ్న ఆ చరిత్రల్లో అంచున ఉండిపోయింది. పిల్లవాడు చదవలేకపోతే తప్పు పిల్లవానిదనో, పంతులుదనో, పుస్తకానిదనో తీర్పు చెప్పడం తేలిక. ఆ ముగ్గురి మధ్య నిలవవలసిన ఆసరా ఏ కాలంలో ఎట్లా ఉన్నదో చూడడం కొంత కష్టం. ఈ వ్యాసం ఆ ఆసరాను పరిశీలిస్తుంది.

పరిశీలనకు హైదరాబాదు నగరం, దాని దక్షిణ అంచున ఉన్న శంషాబాదు ప్రాంతం, అవిభక్త రంగారెడ్డి జిల్లా కేంద్రంగా ఉంటాయి. ఈ ఎంపికకు కారణం ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లా అక్షరాస్యత 83.25 శాతం, రంగారెడ్డి జిల్లాది 75.87 శాతం, దక్షిణాన ఆనుకొని ఉన్న మహబూబ్‌నగర్ జిల్లాది 55.04 శాతం. బెంగుళూరు రహదారి మీద నగరం నుండి బయలుదేరినవారు రెండు గంటల ప్రయాణంలో ఈ మూడు అంకెలనూ దాటుతారు. శంషాబాదు ఆ దారి మధ్యలో ఉన్నది. అక్షరం ఎక్కడ ఆగిపోతున్నదో చూడడానికి ఇంతకంటె అనువైన చోటు అరుదు.

ఉపాధ్యాయునికి అందిన ఆసరాను మూడుగా విభజించవచ్చు: పుస్తకం, పద్ధతి, సహవాసం. మొదటి రెండూ ప్రతి తరంలోనూ కొత్తగా తయారయ్యాయి. మూడవది, అంటే తోటి ఉపాధ్యాయులతో క్రమం తప్పని కలయిక, ఉన్న కాలాల్లోనే మొదటి రెండూ ఫలించాయన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

వీధిబడి: ఇసుక, పలక, కంఠస్థం

వీధిబడి పంతులుకు శిక్షణ అనే మాట తెలియదు. తాను ఎట్లా నేర్చుకున్నాడో అట్లాగే నేర్పాడు. ఇసుకలో వేలితో దిద్దడం, ఓనమాలు, గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు, శతక పద్యాలు, అమరం - ఈ వరుస దాదాపు మారలేదు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పించడం అందులోని ముఖ్యమైన ఏర్పాటు. 18వ శతాబ్ది చివరలో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఇక్కడి బడుల నుండి ఇసుక రాతను స్వీకరించి, పిల్లలే పిల్లలకు నేర్పే విధానాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. అక్కడ అది మద్రాసు పద్ధతిగా పేరు పొందింది. తెలుగువారి పొరుగున ఉన్న వీధిబడి ఒక దశలో ప్రపంచానికి బోధనా పద్ధతిని ఇచ్చిందన్న సంగతి గుర్తుంచుకోదగినది.

అయితే ఆ బడికి ఒక లోపం ఉన్నది. థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యా సర్వేకు సమాధానంగా బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఆ లోపాన్ని స్పష్టంగా నమోదు చేసింది. అప్పటి బళ్ళారి జిల్లాలో తెలుగు, కన్నడ బడులు పక్కపక్కనే ఉండేవి. జిల్లాలోని 533 బడులను లెక్కించిన క్యాంప్‌బెల్, అక్కడి ఖర్చు తక్కువతనాన్నీ పిల్లలచేత పిల్లలకు చెప్పించే తీరునూ మెచ్చుకున్నాడు. కాని పిల్లలు చదివే పద్యగ్రంథాల భాష వారు మాట్లాడే భాషకు చాలా దూరమనీ, అర్థం తెలియకుండా వల్లించడమే చదువుగా చెలామణి అవుతున్నదనీ, చెప్పే పంతులుకు సైతం అర్థం తెలియని సందర్భాలున్నాయనీ రాశాడు. వలస పాలకుని చూపుకు ఉండే పరిమితులు ఈ నివేదికకూ ఉన్నాయి. అయినా ఇంటి మాటకూ బడి మాటకూ నడుమ ఉన్న దూరాన్ని అక్షరబోధనలోని మూల సమస్యగా గుర్తించిన తొలి పత్రాల్లో ఇది ఒకటి.

ఆ తరువాతి దశాబ్దాల్లో అచ్చుపుస్తకం వచ్చింది. పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష, దాని నుండి విస్తరించిన పెద్ద బాలశిక్ష, పంతులు నోట ఉన్న పాఠక్రమాన్ని కాగితం మీదికి తెచ్చాయి. పంతులు మారినా పాఠం మారకుండా నిలిచే ఆధారం ఏర్పడింది. అయితే ఆ పుస్తకం ఏమి నేర్పాలో చెప్పింది గాని, ఎట్లా నేర్పాలో చెప్పలేదు.

ఎట్లా నేర్పాలన్న ప్రశ్నను తెలుగులో సూటిగా లేవనెత్తినవాడు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రకారులు శైలీవివాదంగా చూడడం పరిపాటి. దాని పుట్టుక మాత్రం బడిలో జరిగింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు, ఉత్తర జిల్లాల పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన జె.ఏ. యేట్సు అడిగిన బోధనా సంబంధమైన ప్రశ్నల నుండి ఈ చర్చలోకి వచ్చాడు. సవరల భాషను నేర్చుకొని ఆ భాషలోనే వాచకాలు తయారుచేసి సవర పిల్లలకు బడులు నడిపిన అనుభవం ఆయనకు అంతకుముందే ఉన్నది. పిల్లవాడు ఎరిగిన మాట నుండి ఎరుగని మాటకు తీసుకుపోవాలన్నది ఆయన వాదంలోని బోధనాసారం. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ వాదాన్ని వ్యతిరేకించింది. వివాదం పాఠ్యపుస్తకం ఏ భాషలో ఉండాలన్న దాని చుట్టూ తిరిగి, ఉపాధ్యాయుని తర్ఫీదు విషయం వెనకబడింది.

నిజాం రాష్ట్రం: ఖాన్గీ బడి నుండి పరిషత్తు దాకా

మద్రాసు రాజధానిలో ఈ వాదోపవాదాలు జరుగుతున్న కాలంలో హైదరాబాదు రాష్ట్రపు తెలుగు బడి స్థితి వేరు. 1880వ దశకంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాషయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో బోధించడం ద్వారా దేశానికే కొత్త దారి చూపింది. ఆ భాష ఉర్దూ కావడంతో రాష్ట్ర జనాభాలో పెద్ద భాగమైన తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజల పిల్లలకు ఆ దారి దూరంగానే ఉండిపోయింది. నగరం చుట్టూ ఉన్న భూముల్లో ఎక్కువ భాగం సర్ఫెఖాస్, పాయిగా, జాగీరు పాలనలో ఉండేవి. పాయిగా అమీరులైన శమ్సుల్ ఉమరాల పేరును మోస్తున్న శంషాబాదు ఇందుకు ఉదాహరణ. జాగీరు గ్రామాల్లో సర్కారు బడి అరుదు. తెలుగు చదువుకు గ్రామస్థులు తమ ఖర్చుతో పెట్టుకున్న ఖాన్గీ బడే దిక్కు. ఆ బడులకు సైతం సర్కారు అనుమతి తప్పనిసరి చేసిన నిబంధనలను ఆంధ్రోద్యమ నాయకులు ఏళ్ళ తరబడి వ్యతిరేకించవలసి వచ్చింది.

ఇట్టి స్థితిలో ఉపాధ్యాయునికి ఆసరా సర్కారు వెలుపల నుండి వచ్చింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఏర్పడ్డాయి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. ఈ సంస్థలను గ్రంథాలయోద్యమంలో భాగంగా అందరూ పేర్కొంటారు. బోధన చరిత్ర దృష్టితో చూస్తే వీటికి మరొక ప్రాముఖ్యం ఉన్నది. శిక్షణ పొందే వసతి లేని తెలుగు పంతులుకు చదివే అలవాటు, తెలుగులో శాస్త్రవిషయాలు చెప్పే భాష, తనవంటివారితో కలిసే చోటు ఇక్కడ దొరికాయి.

బాలికల విద్యలో మాడపాటి హనుమంతరావు ప్రయత్నం దీనికి కొనసాగింపు. 1928లో హైదరాబాదులో ప్రారంభమైన ఆంధ్ర బాలికా పాఠశాల తెలుగు మాధ్యమాన్ని విడువకుండా ఉన్నత పాఠశాలగా ఎదిగింది. రాష్ట్రంలో తెలుగు మాధ్యమపు పరీక్షకు అవకాశం లేనందున, పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పొందవలసి వచ్చింది. తెలుగు బాలికలు తెలుగులో పరీక్ష రాయడానికి మహారాష్ట్ర వైపు చూడవలసిన ఈ ఉదంతం ఆనాటి పరిస్థితికి అద్దం పడుతుంది.

1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తును సాహిత్య సంస్థగానే ఎక్కువమంది గుర్తిస్తారు. పరిషత్తు జరిపిన విశారద మొదలైన పరీక్షలు మాత్రం ఒక తరం తెలుగు ఉపాధ్యాయులను తయారుచేశాయి. 1948 తరువాత హైదరాబాదు రాష్ట్రంలో బోధనా మాధ్యమం మారినప్పుడు తెలుగు చెప్పగలవారి అవసరం ఒక్కసారిగా పెరిగింది. పరీక్షల కోసం ఊళ్ళలో సొంతంగా చదువుకున్నవారు ఆ అవసరాన్ని కొంతవరకు తీర్చారు. అయితే ఈ పరీక్షలు వ్యాకరణంలో, ఛందస్సులో, ప్రాచీన కావ్యాల్లో పాండిత్యాన్ని కొలిచాయి. ఆరేళ్ళ పిల్లవానికి మొదటి అక్షరం నేర్పే నేర్పు వేరొక విద్య. భాషాపాండిత్యం ఉంటే బోధన దానంతట అదే వస్తుందన్న నమ్మకం ఆ తరువాతి పండిత శిక్షణలోనూ కొనసాగింది.

స్వాతంత్ర్యానంతరం హైదరాబాదులోనే ఈ విషయానికి ఒక పోలిక దొరుకుతుంది. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకు, పరిశోధనకు 1958లో ఇక్కడ కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. తెలుగుకు 1968లో తెలుగు అకాడమి వచ్చింది. దాని ప్రధాన కృషి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి గ్రంథాలపైన సాగింది. ఉన్నత విద్యకు పుస్తకం సిద్ధమైంది. ఒకటవ తరగతిలో తెలుగు చదవడం నేర్పే శాస్త్రానికి మాత్రం తనదైన పీఠం ఏర్పడలేదు. 1967 నుండి రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ, 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఆ బాధ్యతను అన్ని విషయాలతో పాటు మోస్తున్నాయి.

ఉపాధ్యాయ కేంద్రం: ఒక మంచి ఆరంభం

ఉపాధ్యాయుల సహవాసాన్ని ప్రభుత్వమే ఏర్పరచిన తొలి పెద్ద ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిషు ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుండి రాష్ట్రమంతటికీ విస్తరించి, 1996 వరకు సాగింది. ఈ పథకం ఆరు బోధనాసూత్రాలను ముందుంచింది: ఉపాధ్యాయుడే కృత్యాలను రూపొందించడం, చేస్తూ, కనుగొంటూ నేర్చుకొనే అవకాశం ఇవ్వడం, వ్యక్తిగత, జట్టు, తరగతి పనులను మేళవించడం, పిల్లల మధ్య తేడాలను గమనించి పని ఇవ్వడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా ఉంచడం. నేడు ప్రతి ఉపాధ్యాయుని నోట వినిపించే కృత్యం అనే మాట బడి వాడుకలో స్థిరపడడంలో ఈ పథకం పాత్ర పెద్దది.

సూత్రాలకంటె ముఖ్యమైనది ఉపాధ్యాయ కేంద్రం. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఒక బడిలో కలుసుకొని, ఒకరు పాఠం చెప్పి చూపగా మిగిలినవారు చర్చించడం, తయారుచేసుకొన్న ఉపకరణాలను పంచుకోవడం దాని ఉద్దేశం. ఒంటరి ఉపాధ్యాయుడు అయిదు తరగతులను ఒకే గదిలో చూసుకొనే గ్రామాల్లో ఇది చిన్న మార్పు కాదు. తరువాత 1996లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకం మండల వనరుల కేంద్రాలను, ఆ పిమ్మట సర్వశిక్షా అభియాన్ పాఠశాల సముదాయ సమావేశాలను ఈ పునాది మీదనే నిలబెట్టాయి.

ఈ ఏర్పాటు బలహీనపడిన తీరు కూడ గమనించదగినది. పథకానికి గడువు ఉంటుంది, బడికి గడువు ఉండదు. ఒక పథకం ముగిసి మరొకటి మొదలైన ప్రతిసారి పేర్లు, పట్టికలు, కరదీపికలు మారాయి. తొలి దశలో శిక్షణ పొందినవారు నేర్చుకొన్నదానిని రెండవ దశ ప్రశ్నగా స్వీకరించలేదు. పైనుండి దిగుతూ వచ్చే శిక్షణలో ప్రతి మెట్టు దగ్గరా సారం కొంత తగ్గుతుంది. ఆఖరి మెట్టు మీద ఉన్నవాడు తరగతి గదిలోని ఉపాధ్యాయుడే.

రంగారెడ్డి జిల్లా: బడి బయట పిల్లలు, బడి లోపల పంతుళ్ళు

ఇదే కాలంలో శంషాబాదుకు పడమరన ఉన్న శంకరపల్లి, చేవెళ్ళ పరిసరాల్లో మరొక ప్రయత్నం జరిగింది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య స్మృతిలో 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి తెచ్చే పని చేపట్టింది. ఆయన మనుమరాలు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యులు శాంతా సిన్హా దానికి నేతృత్వం వహించారు. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం లభించింది. బడికి రాని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్న దృష్టి ఈ సంస్థది.

అక్షరబోధన పరంగా ఈ ప్రయత్నంలో రెండు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది సేతు శిబిరం. పత్తి చేలల్లో, పశువుల వెంట, ఇంటి చాకిరీలో పెరిగిన పది పన్నెండేళ్ళ పిల్లలు ఓనమాల దగ్గర కూర్చోలేరు. వారి వయసుకు తగిన తరగతిలో చేర్చడానికి శిబిరాల్లో కొన్ని నెలలు సిద్ధం చేయాలి. మాట, పాట, కథ, ఊరి అనుభవం బోధనకు ముడిసరుకు అయినాయి. రెండవది ఉపాధ్యాయుల వేదిక. బాలకార్మిక విమోచన వేదిక పేరుతో సర్కారు ఉపాధ్యాయులే కూడి, పిల్లలు బడి మానడాన్ని తమ వృత్తి సమస్యగా స్వీకరించారు. బోధన నైపుణ్యాన్ని ఆదేశంగా కాక బాధ్యతగా చర్చించిన సందర్భమిది. క్యాంప్‌బెల్ గుర్తించిన దూరాన్ని, గిడుగు దాటాలన్న దూరాన్ని ఈ పంతుళ్ళు పిల్లవాని ఇంటి గడప దగ్గర చూశారు.

వయోజన విద్యారంగంలో 1988లో ఏర్పడిన జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలు ఇదే పాఠం నేర్పాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా వాచకంలోని సారాకు సంబంధించిన కథ స్త్రీలను కదిలించి, 1992 నాటి సారా వ్యతిరేకోద్యమానికి ఒక ప్రేరణ అయినది. చదివే వాక్యం చదువరి బతుకును తాకితే అక్షరం నిలుస్తుందనడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం తెలుగునాట లేదు.

తెలుగు లిపి, తొలిమెట్టు

ఇటీవలి దశ తొలిమెట్టు. కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ పేరుతో ప్రాథమిక అక్షరాస్యత, సంఖ్యాజ్ఞాన కార్యక్రమాన్ని ప్రకటించింది. తెలంగాణలో దానిని 2022 ఆగస్టు 15 నుండి తొలిమెట్టుగా అమలుచేశారు. కరోనా మూసివేతల తరువాత దీని అవసరం తీవ్రమైంది. గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన అసర్ సర్వే ప్రకారం తెలంగాణలో మూడవ తరగతి పిల్లల్లో రెండవ తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. నూరుమందిలో అయిదుగురు. ఈ అంకె వెనుక మూతబడిన బడుల ప్రభావం ఉన్నదన్నది నిజం. అయితే మూతపడకముందు కూడ ఆ సంఖ్య ఇరవైకి చేరలేదు.

ఇక్కడ తెలుగు లిపి స్వభావాన్ని విస్మరించరాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగుకు 36 వర్ణాలు చెప్పింది. పిల్లవాడు గుర్తించవలసిన రూపాలు మాత్రం అంతకు ఎన్నో రెట్లు. ప్రతి హల్లుకూ గుణింతపు గుర్తులు, పైగా ఒత్తులు. త, న, మ, య, ర, ల వంటి అక్షరాల ఒత్తు రూపం మూలరూపాన్ని గుర్తుకు తేదు. ఎత్వానికి, ఏత్వానికి నడుమ తేడా చిన్న గీతలో ఉంటుంది. కన్నడంలో పిల్లల పఠనాన్ని పరిశీలించిన సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరలిపి పూర్తిగా పట్టుబడడానికి ఇంగ్లీషు అక్షరమాల కంటె ఎక్కువ సంవత్సరాలు పడుతుందని చూపారు. తెలుగు లిపి కన్నడ లిపికి తోబుట్టువు. శైలజా మీనన్ బృందం కన్నడ, మరాఠీ బడుల్లో జరిపిన దీర్ఘకాల అధ్యయనం, హైదరాబాదులోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో సాగిన తొలి అక్షరాస్యతా కృషి ఈ అవగాహనను ఉపాధ్యాయులకు దగ్గర చేశాయి. తెలుగు లిపి మీద ఈ స్థాయిలో జరగవలసిన పని ఇంకా ఎంతో ఉన్నది.

విమానాశ్రయం నీడలో బడి

2008 మార్చిలో శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. సుమారు 5,500 ఎకరాల ప్రాంగణం, దాని చుట్టూ గోదాములు, హోటళ్ళు, నివాస కాలనీలు ఏర్పడి చేలగట్లు కనుమరుగయ్యాయి. బడి గదిలోని భాషాచిత్రం కూడ మారింది. తెలంగాణ పలుకుబడిలో తెలుగు, ఉర్దూ, తండాల లంబాడీ ఈ ప్రాంతానికి పాతవే. నిర్మాణపు పనులకు వచ్చిన కుటుంబాలతో హిందీ, ఒడియా చేరాయి. జిల్లాలోని ఇటుక బట్టీల వద్ద వలస పిల్లలకు ఒడియాలో చదువు చెప్పే ఏర్పాట్లు జరిగిన అనుభవం ఉన్నది. 2018 చట్టం ద్వారా తెలుగు అన్ని బడుల్లో తప్పనిసరి విషయమైంది. 2022-23 నుండి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం, ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి.

అంటే ఇక్కడి ఉపాధ్యాయుడు ఒకే గదిలో తెలుగును కొందరికి మాతృభాషగా, మరికొందరికి రెండవ భాషగా నేర్పుతున్నాడు. ఒకరికి బాపనపల్లె మాట, మరొకరికి తండా మాట, ఇంకొకరికి ఉర్దూ గల్లీ మాట ఇంటి భాష. గిడుగు సవర పిల్లల ముందు నిలబడి వేసుకొన్న ప్రశ్న నూరేళ్ళ తరువాత విమానాశ్రయపు ప్రహరీ పక్కన మళ్ళీ ఎదురైంది. పండిత శిక్షణలో దీనికి సమాధానం తక్కువ. తెలుగును రెండవ భాషగా చిన్నపిల్లలకు నేర్పే పద్ధతి మీద కరదీపికలు వేళ్ళమీద లెక్కించదగినవి.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, హైదరాబాదు పరిసరాల్లో అక్షరబోధనకు ఆసరా రాజ్యం నుండి మాత్రమే రాలేదు. భాషానిలయం, పరిషత్తు, ఉపాధ్యాయ వేదిక వంటి స్వచ్ఛంద కూడికలు సర్కారు ఖాళీ వదిలిన చోట్ల నిలిచాయి. రెండు, ఇంటి మాటకూ బడి మాటకూ ఉన్న దూరం 1823 నుండి నేటివరకు రూపం మార్చుకొంటూ కొనసాగింది. నాడు అది కావ్యభాషతో ఏర్పడిన దూరం, నేడు బహుభాషా తరగతిలో ఏర్పడిన దూరం. మూడు, పుస్తకాన్ని, పద్ధతిని కలిపి ఉంచిన శక్తి ఉపాధ్యాయుల నిరంతర సహవాసమే. అది తెగిన ప్రతిసారీ శిక్షణ హాజరుపట్టీగా మిగిలింది.

ఈ చరిత్రలో విశ్వవిద్యాలయ తెలుగు శాఖల స్థానం చిన్నది. కావ్యాన్ని, వ్యాకరణాన్ని, శాసనాన్ని పరిశోధించిన శాఖలు ఒకటవ తరగతి వాచకాన్ని పరిశోధనాంశంగా స్వీకరించిన సందర్భాలు తక్కువ. అక్షరాలను ఏ వరుసలో నేర్పితే తెలుగు పిల్లవాడు త్వరగా మాటను చదువుతాడు, ఏ పదాలు ఏ ప్రాంతపు పిల్లవానికి ముందుగా తెలుసు, లంబాడీ ఇంటి నుండి వచ్చిన పిల్లవానికి తెలుగు ఒత్తులు ఎక్కడ చిక్కుపడతాయి - ఇవి భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం, మాండలిక పరిశోధన కలిసి తేల్చవలసిన ప్రశ్నలు. మాండలిక పదకోశాలు తయారుచేసిన అనుభవం ఈ శాఖలకే ఉన్నది. ఆ పదకోశాలు పరిశోధకుని అలమారలో ఉన్నాయి. శంషాబాదు బడిలో మూడవ తరగతి పిల్లవాడు పలక ముందు కూర్చొని తాను ఇంట పలికే మాట అక్షరంగా ఎట్లా ఉంటుందోనని చూస్తున్నాడు. ఈ రెంటి నడుమ దారి వేసే పని తెలుగు పరిశోధనకు మిగిలి ఉన్నది.